ఈశాన్యపు గడి

మా ఆయనకి వాస్తు పిచ్చి. డ్యాములు కట్టిన ఇంజనీరు, రిటైరయ్యాక కెనడాలోని సస్కటూన్‌లో తూర్పు వాకిలి ఇల్లు కోసం రియల్టర్ని ఏడిపించుకు తిన్నాడు. నవ్వుకుని ఊరుకున్నాను. ఆ పిచ్చి ఇంకొకరి పరువు తీస్తుందనుకోలేదు.

ఆయనా, ఆయన స్నేహితుడు డాక్టరు గారూ కలిసి ఒక పొలం కింద ఖనిజ హక్కులు కొన్నారు. పైన గోధుమ చేను రైతుది, కింద చమురుంటే మాది. కాగితంలో ఉన్నదల్లా ఫలానా టౌన్‌షిప్, ఒకటో సెక్షన్ అని. టౌన్‌షిప్ అంటే ముప్ఫై ఆరు గడుల చదరం, ఒక్కో గడి ఒక సెక్షన్. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో కొన్న రోడ్డు మ్యాపు మీద స్కేలుతో గడులు గీసి, ఈశాన్య మూల గడిలో ఒకటో నంబరు వేశాడు. ఏ లెక్కైనా ఈశాన్యం నుంచే మొదలవ్వాలట.

వెళ్ళి చూస్తే ఆ గడిలో చమురు పంపు తలాడిస్తోంది. రోడ్డు పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. ఎన్నాళ్ళైనా ఆ చమురు మీద మా వాటాగా రావాల్సిన రాయల్టీ రాలేదు. ఉత్తరాలన్నీ డాక్టరు గారి అడ్రసుకే వెళ్తాయి కాబట్టి ఆయనే మింగేస్తున్నాడని తేల్చేశాడు. తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో అందరి ముందూ, "నాడి చూసే చేత్తోనే జేబులు కొడతాడు" అన్నాడు. డాక్టరు గారు పెరుగన్నం సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

ఆ చలికాలం ఆయన మా ఇంటికొచ్చారు. కిటికీలోంచి చూశాను. మంచులో నిలబడి ఉన్నారు, చంకలో పొడుగాటి కాగితపు చుట్ట. బెల్లు మోగుతుంటే మా ఆయన టీవీ సౌండు పెంచాడు. లేవబోతే కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

మంచు కరగకముందే డాక్టరు గారు గుండెపోటుతో పోయారు. మా ఆయన చూడ్డానికి వెళ్ళలేదు సరికదా, ఆయన భార్య మీద దావా వేస్తానని బయల్దేరాడు. లాయరు ముందు సరైన సర్వే మ్యాపు తెమ్మన్నాడు. ఈయనకి మోకాళ్ళ నొప్పి, నేనే అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ అక్కడి మున్సిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి తెచ్చాను.

ప్రతి మట్టిరోడ్డూ, ప్రతి గడి నంబరూ అందులో ఉన్నాయి. ఒకటి ఆగ్నేయ మూలన ఉంది. అక్కణ్ణుంచి అంకెలు పాములా మెలికలు తిరుగుతూ పైకి పోయి, ఈశాన్యంలో ముప్ఫై ఆరుతో ఆగాయి. ఆ పంపు ఎవరిదో. మా గడి దగ్గరికీ వెళ్ళాను. ఒక బురదగుంట, నాలుగు బాతులు.

మ్యాపు ముందు పెడితే మా ఆయన చాలాసేపు చూసి, "వీళ్ళకి దిక్కులు కూడా తెలీవు" అన్నాడు. ఆ క్షణాన ఆయనంటే అసహ్యం వేసింది. ఇప్పటికీ పోలేదు.

దావా ఉండదని నేనే చెప్పాలని డాక్టరు గారి భార్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ్ని అక్కయ్యా అంటాను. నేను మ్యాపు విప్పబోతే వద్దని, లోపల్నుంచి పొడుగాటి కాగితపు చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. అదే మ్యాపు. ఆగ్నేయపు గడి చుట్టూ ఎర్ర సిరా గీత ఉంది.

"ఆ రోజు ఇదే తెచ్చారు. కిటికీలో నువ్వు కనిపించావట. అమ్మాయి ఉంది, తీస్తుందిలే అని చలిలో అలాగే నిలబడ్డారట."

ఆవిడ మ్యాపు చుట్టి పక్కన పెట్టి, నా కోటు తెచ్చి చేతికిచ్చింది.