తిరుమలగిరి మైదానంలో లేవని జెండా

మా పిన్ని కొడుకు వంశీ రాంగోపాల్‌పేట్ ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్. "సెమీఫైనల్ అన్నయ్యా, ఓడితే ఇంటికే. రాకపోతే నాతో మాట్లాడకు" అన్నాడు. అందుకే ఆదివారం విజయవాడ నుంచి పొద్దుటి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. మోండా మార్కెట్ పక్క మెస్సులో భోజనం చేసి, రెండున్నరకు వంశీ, నేను తిరుమలగిరికి ఆటో ఎక్కాం. నూట అరవై తీసుకున్నాడు. స్టేషన్ దగ్గర బస్సెక్కితే చాలా తక్కువలో పోతుంది. "ఆడ ఆటకన్న లొల్లే ఎక్కువ సార్" అన్నాడు డ్రైవర్.

ఇలాంటి చిన్న టోర్నమెంట్లకు రిఫరీ ఒక్కడే వస్తాడు. గీత పక్కన నిలబడి ఆఫ్‌సైడ్ అయితే, అంటే బంతి అందించేటప్పటికే ఆటగాడు అవతలి డిఫెండర్లందర్నీ దాటి ఉంటే, జెండా ఎత్తడానికి ఒక్కో జట్టు ఒక్కో మనిషిని ఇస్తుంది; మైదానంలో చెరో సగం చూసుకోవాలి. మా తరఫు మనిషి రాలేదు. మా జట్టు పెద్ద యాదగిరన్న జెండా నా చేతిలో పెట్టాడు. "నువ్వు కొత్తోనివి తమ్మీ, ఎవ్వల్కి డౌట్ రాదు."

మొదటి సగంలో వంశీ కొట్టిన గోల్‌కు అవతలివాళ్ల జెండా లేచింది. రిఫరీ గోల్ రద్దు చేశాడు. అందరికంటే ముందు నేనే "దొంగ" అని అరిచాను. వాళ్ల కుర్రాడు మోకాలు పట్టుకుని పడితే మావాళ్లు నాటకమన్నారు. మావాడు ఊరికే పడి ఫ్రీకిక్ తెస్తే యాదగిరన్న చప్పట్లు కొట్టి "గిది దిమాక్ అంటే" అన్నాడు. విరామంలో వంశీ నీళ్లు తాగుతూ మెల్లగా చెప్పాడు: "అది ఆఫ్‌సైడే అన్నయ్యా. అతను కరెక్టే ఎత్తాడు." నేను వెళ్లి ఆ మనిషికి సారీ చెప్పలేదు.

రెండో సగంలో జట్లు వైపులు మారాయి. ఇప్పుడు మావాళ్ల దాడులన్నీ నా ముందే. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, ఎవరికీ గోల్ లేదు. వంశీకి బంతి అందించిన క్షణంలో వాడి ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. వాళ్ల చివరి డిఫెండర్‌కంటే రెండడుగులు ముందున్నాడు, కళ్లారా చూశాను. చెయ్యి లేవలేదు. గోల్.

వాళ్లంతా రిఫరీ మీదికి ఉరికారు. వాళ్ల కెప్టెన్ అందర్నీ ఆపి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నువ్వు దగ్గర్నే ఉన్నవ్. నీ మాటనే ఫైనల్. ఆఫ్‌సైడా, కాదా?"

"కాదు" అన్నాను.

"సరే అన్నా" అని అతను తనవాళ్ల వైపు తిరిగాడు. "చలో, ఆడుదాం. అన్న చూసిండంట."

గెలిచాం. యాదగిరన్న నన్ను భుజాల మీదికి ఎత్తబోతే తప్పించుకున్నాను. ఇన్నేళ్లూ టీవీ ముందు కూర్చుని, మోసం చేసిన ఆటగాళ్లను నోటికొచ్చినట్టు తిట్టినవాణ్ని. కెప్టెన్ గొడవపడి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్నేమో. అతను నమ్మాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. వచ్చే ఆదివారం ఫైనల్, నేను రైలు టికెట్ తీసుకోలేదు.

మీరు వెళ్తే మూడింటికల్లా చేరండి, పడమటి గట్టు మీద నీడ ఉంటుంది. జెండా ఇస్తే మాత్రం, మీవాడు ఆడుతున్నాడని చెప్పి అక్కడే తిరిగిచ్చేయండి.