చింతగింజ పడలే

బడి ఇడిసిపెట్టినంక సిద్దిపేటల ఒక బట్టల దుకాణంల చీరెలు చూపిచ్చే పనికి కుదిరిన. మా సేటు ఒకసారి పట్నం పోయొచ్చి కొత్త రూలు పెట్టిండు. వచ్చిన ప్రతి గిరాకికి ఒక చింతగింజ ఇస్తడు. చీరెలు చూపిచ్చినోని పని నచ్చితే, పోయేటప్పుడు వాని డబ్బల ఆ గింజ ఎయ్యాలె. ఒక్క గింజ తక్కువైనా వాడు తెల్లారి గడప కాడ కూసోని గిరాకుల చెప్పులు సర్దాలె.

"అందరు ఖుషీ ఎట్లయితరు సేటూ?" అంటే, "చూపిచ్చుడు వస్తే ఎందుకు ఖుషీ కారు రా?" అనేటోడు.

ఆడోళ్లేమో పిల్లలు ఆడుకుంటరని గింజలు కొంగుకు కట్టుకపోయేటోళ్లు. నేను రోజూ చెప్పుల కాడనే. ఓనాడు మా అవ్వ బజారుకొచ్చి నన్ను గాడ చూసింది. చూడనట్టే మర్లి పోయింది. గా దినమే సేటు మీద పగ పట్టిన.

కొన్నాళ్లకు సేటు అత్తగారు చీరెకొచ్చింది. "మీ అత్తమ్మకు మీరే చూపియ్యున్రి సేటూ, మేం చూసి నేర్చుకుంటం" అన్న. పొంగిపోయి కూసున్నడు.

"రంగు పోతది." "అంచు సన్నగున్నది." "నా బిడ్డక్కూడ గిసొంటియే పెడ్తున్నవా?"

అల్మారా ఖాళీ అయినంక ఆమె లేసి, గింజను కొంగున ముడేసుకోని, "నా చెప్పులేవి?" అన్నది.

అయి కుప్పల అడుగున ఉన్నయి. నేనే దాచిన. సేటు వంగి ఎతుకుతుంటే చెవుల మెల్లగ అన్న: "ఎట్లాగు వంగిన్రు గద సేటూ, మిగిలినయి గూడ సర్దున్రి. గింజ పడలే."

ఇంటికి పోయి అవ్వకు చెప్పిన. పడి పడి నవ్వి, "ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నది.