రికార్డింగ్ నిండా నా గొంతే

లక్ష్మీ, నీ మోకాలు ఎలా ఉంది? తమ్ముడూ, షుగర్ టాబ్లెట్లు మానెయ్యలేదు కదా? మరదలా, ఆ దగ్గు తగ్గిందా? చిన్న నొప్పే కదా అని ఎవరూ ఊరుకోకండి.

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది.

మా సుగుణ మేడం ఇక లేదు.
గుండె ఆగిపోయిందట. నలభై ఏళ్లు కూడా నిండలేదు.

పాతపట్నం అమ్మాయి. మా ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయినప్పుడు, వారం వారం రాజాంలో మా ఇంటికి వచ్చి స్పీచ్ థెరపీ చేసింది.

అప్పట్లో ఆయన మంచినీళ్లు కావాలంటే "బస్సు" అనేవారు. మతి పోయిందని బంధువులు గుసగుసలాడారు. నేనూ అదే అనుకుని భయపడ్డాను.

"బుర్ర బాగానే ఉన్నాది పెదమ్మా. మాటే దొరకట్లేదు. దీన్ని అఫేసియా అంటారు" అంది సుగుణ.

ఇంట్లో వాళ్లే రోజూ మాట్లాడిస్తే మాట ఎంతవరకు తిరిగి వస్తుందో చూడడం ఆమె రీసెర్చ్. అందుకే మా ఇద్దరి కబుర్లు ఫోన్‌లో రికార్డ్ చేసేది.

ఒకరోజు అది నాకే వినిపించింది.

అంతా నా గొంతే. అన్నం కావాలా, దుప్పటి కప్పనా, కాలు నొప్పా... ఆయన నోరు తెరిచేలోపే నేనే చెప్పేస్తున్నాను.

"ఇందులో పెదనాన్న ఏడీ?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తడబడుతుంటే చూడలేక చేసిన పని.

"నేనేటి సెయ్యనమ్మా, నా నోరు ఆగదు" అన్నాను.

నవ్వి, పోపుల పెట్టెలోంచి లవంగం తీసి నా బుగ్గన పెట్టింది.
"దీని ఘాటు తగ్గేదాకా నోరిప్పకు."

ఆయన టీ గ్లాసు వంక చాలాసేపు చూశారు. పెదాలు కదుపుతున్నారు. నా ప్రాణం కొట్టుకుంటోంది.

"సల్... సల్లారిపోనాది" అన్నారు.

నెలల తర్వాత సరైన మాట! నేను ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత, ముందు టీ ఏడి సెయ్యి పెదమ్మా" అంది సుగుణ.

నిన్న ఈ కబురు ఆయనకి చెప్పకూడదనే అనుకున్నాను. బీపీ పెరిగితే? మళ్లీ మాట పడిపోతే?
కానీ నా మొహం చూసి, చెయ్యి పట్టుకుని వదల్లేదు. చెప్పేశాను.

ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నారు.
"పాప... ఆళ్ల... అమ్మ కాడికి. ఎల్దాం."

ఎండ, రెండు బస్సులు మారడం, ఈయన కాలు... నా భయాలన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

సుగుణా, ఇంటింటికీ తిరిగి అలిసిపోయావు. ఇక హాయిగా ఉండు తల్లీ.

ఆదివారం పొద్దున్నే పాతపట్నం వస్తున్నాం. మీ అమ్మతో ఆయనే మాట్లాడతారు.
ఎంతసేపు పట్టినా సరే.