నాన్న తవ్విన పాదు

పొద్దుటి నుంచీ నా కారంతా పచ్చికర్ర వాసన. అద్దాలు దించినా పోవడం లేదు, ఏసీ పెంచినా పోవడం లేదు. నిజం చెప్పాలంటే పోవాలని నాకూ లేదు. వెనక సీట్లో మా పాప కూర్చునే కుర్చీ పక్కన ఒక సంచి ఉంది. దాని నిండా సగం పసుపు, సగం పచ్చగా ఉన్న రేగుపళ్ళు, వాటి మధ్య ఎండుటాకులు, ముళ్ళు, ఇంత రంపపు పొట్టు. రేపు భోగి. పాపకు పోయడానికని మొన్ననే సూపర్‌మార్కెట్లో ఒక డబ్బా రేగుపళ్ళు కొన్నాను. ఒక్కొక్కటీ కోడిగుడ్డంత ఉండి సబ్బుబిళ్ళలా మెరుస్తున్నాయి గానీ, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. వాసన లేనిది రేగుపండెలా అవుతుందని షాపువాడితో పోట్లాడలేం కదా. ఇవాళ నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తూ సబా అల్ సలేంలో చిన్నప్పుడు తిరిగిన ఆ సందు మలుపు తిరిగేసరికి క్రేను కనిపించింది, దానికి వేలాడుతూ మా రేగుచెట్టు కొమ్మ కనిపించింది. మాది అంటే మా సొంతం కాదు. నాన్న నీళ్ళు పోసిన చెట్టు, నాన్న పీకల మీదికి తెచ్చిన చెట్టు.

నా చిన్నతనం ఈ గల్ఫ్ దేశంలోనే, మహబూలాలో గడిచింది. సముద్రం అడుగుల దూరంలో ఉన్నా ఏ కిటికీలోంచీ సముద్రం కనపడని ఒక పాత బిల్డింగు అది. ఒక ఫ్లాటులో మూడు కుటుంబాలు, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు, అందరూ రాజోలు, అమలాపురం వైపు వాళ్ళే. ఎండాకాలం కుళాయి తిప్పితే సలసలా కాగే నీళ్ళొచ్చేవి కాబట్టి సాయంత్రం స్నానానికి పొద్దున్నే బకెట్లు నింపి పెట్టేవాళ్ళం. దుమ్ము తుఫాను లేచిన రోజు కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూర్చున్నా నాలుక మీద ఇసుక కరకరలాడేది, అన్నం ముద్దలో కూడా దుమ్ము రుచే తగిలేది. బయట ఆడుకోవడానికి చోటు లేక కారిడార్‌లోనే మా రాజ్యం నడిపేవాళ్ళం. విరిగిన టైల్సు ముక్కలతో ఏడుపెంకులాట ఆడి కింది అంతస్తువాళ్ళతో తిట్లు తినేవాళ్ళం, చింతపిక్కలు దొరకని ఊళ్ళో ఖర్జూరం గింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. పండగకి అరిసెల పాకం పడితే ఆ పొగకి బిల్డింగు అలారం మోగి, ఈజిప్టు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, రెండు అరిసెలు పుచ్చుకుని శాంతించి వెళ్ళేవాడు.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆమె జీతం లేకపోతే నన్ను అక్కడ పెంచడం వాళ్ళ తరం అయ్యేది కాదు. నాన్న పని చెట్లతో. కోనసీమలో కొబ్బరిచెట్లు ఎక్కి గెలలు దింపే వంశం మాది, ఇక్కడికొచ్చాక ఖర్జూరం చెట్లు ఎక్కారు. తర్వాత విల్లాల్లో కొమ్మలు కొట్టడం, ఇంటికి ముప్పు తెచ్చే చెట్లను వేళ్ళతో సహా పెకలించడం నేర్చుకున్నారు. నాన్నకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్‌కి సబ్హాన్‌లో ఒక షెడ్డు ఉండేది, అందులో రంపాలు, తాళ్ళు, నిచ్చెనలు, ఒక ముసలి లారీ. రోజూ ఏదో ఒక ఇంటి నుంచి పిలుపు వచ్చేది. ఎక్కువగా కోనోకార్పస్ గొడవే. పచ్చగా ఉంటుందని ప్రహరీ పొడవునా నాటుకుంటారు, రెండేళ్ళు మురిసిపోతారు, ఆ తర్వాత దాని వేళ్ళు నీటికోసం డ్రైనేజీ పైపుల్లోకి దూరి, ఓ రోజు బాత్రూంలోంచి నీళ్ళు వెనక్కి తన్నాక లబోదిబోమంటారు. పైపులోంచి నాన్న లాగి పడేసిన ఆ వేళ్ళ కట్టను ఒకసారి చూశాను. మా అమ్మ సవరం కన్నా ఒత్తుగా, పొడవుగా ఉంది.

శుక్రవారం నాకు బడి ఉండదు, అమ్మకి డ్యూటీ ఉండేది. అందుకని నాన్న నన్ను లారీలో ఎక్కించుకుని పెద్ద మామా ఇంటికి తీసుకెళ్ళేవారు. ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళు యజమానురాలిని మామా అని పిలుస్తారు. ఈవిడ నాన్న కఫీల్‌కి కన్నతల్లి, కాబట్టి పెద్ద మామా. సబా అల్ సలేంలో ఉండేది ఆ ఇల్లు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ తోటలో కుర్చీ వేసుకుని కూర్చునేది, చేతిలో జపమాల, పక్కన ఫ్లాస్కులో యాలకులు దంచి వేసిన పాలటీ. ఆ ఇంట్లో వంటమనిషి మంగత్తది మా పక్క ఊరు. నాన్నను అన్నయ్యా అనేది, ఆ వరసన నాకు అత్త అయింది. నాకు రొట్టెలో జున్నూ తేనే పెట్టి ఇచ్చేది, నేను తింటుంటే పెద్ద మామా నా జడ పట్టుకుని ఏదో అరబ్బీలో మెచ్చుకునేది.

ఆ తోటలో ప్రహరీకి దగ్గరగా ఉండేది రేగుచెట్టు. వాళ్ళు సిదర్ అంటారు, దాని పండుని కనార్ అంటారు. నీడలో నిలబడితే పులుపూ తీపీ కలిసిన వాసన వచ్చేది. ఆ చెట్టుని చూసిన మొదటి రోజే నాన్న మనసు పారేసుకున్నారట. సొంతూరి మనిషి కనపడ్డట్టు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పార తెచ్చి, మొదలు చుట్టూ కోనసీమ పద్ధతిలో గుండ్రంగా పెద్ద పాదు తవ్వి, పైపు వదిలి నింపేశారు. మా ఊళ్ళో కొబ్బరిచెట్టుకి అలాగే చేస్తారు. పాదు నిండా పెట్టిన నీళ్ళు సాయంత్రానికి నేల తాగేస్తుంది. ఇక్కడ ఎండలు మండిపోతుంటే నాన్న మరీ ఉదారంగా పెట్టేవారు, అన్నం తినడానికి కూర్చుని కూడా పైపు కట్టేసేవారు కాదు.

"చాల్లే అన్నయ్యా, చెట్టుకి జలుబు చేత్తాది," అనేది మంగత్త.

"నోరెండిపోయి ఉందే దానికి, తాగనీ," అనేవారు నాన్న.

దానికి ప్రతిఫలంగా ఏటా భోగి ముందు రోజు చెట్టు దులుపుకోవడానికి పెద్ద మామా అనుమతి ఉండేది. మహబూలాలో మా బిల్డింగు పిల్లలందరికీ భోగిపళ్ళు ఆ చెట్టువే. జనవరికి ఇక్కడ సరిగా పండవు, సగానికి పైగా పచ్చికాయలే, కాబట్టి మా భోగి మిగతావాళ్ళ భోగి కన్నా కాస్త వీరోచితంగా ఉండేది. చాప మీద వరసగా కూర్చోబెట్టి పూలరేకులు, అక్షింతలు, చెరుకు ముక్కలతో కలిపి నెత్తిన పోస్తుంటే టకటకా తగిలేవి, ఒకడు ఏడ్చేవాడు, ఒకడు ఏరుకుని తినేవాడు. అమ్మలందరూ హారతి పాటలో తలా ఒక శ్రుతి పట్టేవాళ్ళు. ఆ వాసన మూడు రోజుల పాటు మా జుట్టులో ఉండేది.

ఒక ఎండాకాలం చివర ఆ ప్రహరీ పగిలింది. పైనుంచి కిందికి చేయి దూరేంత బీట, గోడ సందులోకి ఒరిగింది. కఫీల్ వచ్చి చూసి, ఇంకెవరినీ అడగకుండా, ఇది సిదర్ వేళ్ళ పనే, శుక్రవారం కొట్టేయండి, ఖలాస్ అన్నాడు. రోజూ కోనోకార్పస్ వేళ్ళు పగలగొట్టిన గోడలు చూసే మనిషికి ఇంకో ఆలోచన ఎలా వస్తుంది? నాన్నకీ రాలేదు. సిదర్‌ను కొట్టడం మంచిది కాదని వాళ్ళ పెద్దల నమ్మకం, అందుకని పెద్ద మామా గొణిగింది, బతిమాలింది, చివరికి కొడుకుతో మాట్లాడటం మానేసింది. నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కంచంలో వేళ్ళు ఆడిస్తూ ఉండిపోయారు.

"ఆయన గోడ, ఆయన చెట్టు. మనకెందుకండీ? ఇఖామా రెన్యూవల్ ముందరుంది. కొట్టమన్నది కొట్టేసి రండి," అంది అమ్మ. కఠినురాలై కాదు. మమ్మల్ని ఈ దేశంలో ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆ కఫీలే. ఆయనకి కోపం వస్తే నాన్న విమానం ఎక్కాలి, అమ్మ ఒక్కతే నన్ను చూసుకుంటూ డ్యూటీలు చేయలేదు గనక నేనూ ఎక్కాలి. మా ముగ్గురం ఒక కప్పు కింద ఉండటం ఆ సంతకం మీద ఆధారపడి ఉండేది.

ఆ శుక్రవారం నేను మంగత్త పక్కన వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. నాన్న చెట్టెక్కి, నరికిన కొమ్మ గోడ మీద పడకుండా ముందే తాడు కట్టి, గోడవైపు కొమ్మలను ఒక్కొక్కటిగా కోసి దింపారు. ఆకు రాలినప్పుడల్లా పెద్ద మామా మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత నాన్న కిందికి దిగి, మొదలు కొట్టే ముందు వేళ్ళు ఎటు పాకాయో చూడటానికి గోడ పక్కన గునపంతో తవ్వడం మొదలుపెట్టారు. కాసేపు తవ్వారు. ఆగారు. గోడ పొడవునా ఇంకొంచెం తవ్వారు. మళ్ళీ ఆగి, గోతి అంచున కూలబడిపోయారు.

గోడ కింద చెప్పుకోదగ్గ వేరు ఒక్కటీ లేదు. ఉన్నదంతా బురద. ఆ విల్లా తోటల్లో పై మట్టి ఎక్కణ్ణించో లారీల్లో తెచ్చి పోసిన బంకమట్టి, దాని కింద రాయిలాంటి గట్టి పొర. నాన్న పాదులో పోసిన నీళ్ళకి కిందికి పోయే దారి లేక పక్కకి పాకి గోడ పునాది కింద చేరాయి. తడిసినప్పుడు మట్టి ఉబ్బింది, ఎండినప్పుడు కుంగింది, ఉబ్బుతూ కుంగుతూ గోడను కదిలించేసింది. గోదావరి ఒండ్రుమట్టి అనుకుని బంకమట్టికి నీళ్ళు తాగించారు మా నాన్న, అదీ అంత ప్రేమగా.

అప్పుడు కఫీల్ గేటు దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నాన్న ఇంకో గంట కష్టపడితే చెట్టు నేలమీద ఉండేది, గొయ్యి పూడిపోయేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నాన్న ఒకసారి నా వైపు చూశారు. ఎందుకు చూశారో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు నాకూ ఒక కూతురు ఉంది గనక తెలుసు. లేచి, బురద చేతులు బురద చేతుల్లాగే ఉంచుకుని, పెద్ద మామా కుర్చీ ముందుకి వెళ్ళి నిలబడ్డారు.

"మామా, షజరా మాఫీ ముష్కిల్. ముష్కిల్ అనా."

చెట్టుతో ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బంది నేనే అని. నాన్నకొచ్చిన అరబ్బీ అంతే.

మంగత్త పరుగున వెళ్ళి గొంతు తగ్గించి, "ఏటన్నయ్యా ఈ మాటలు? ఇఖామా వద్దా నీకు?" అంది.

"కావాలి చెల్లెమ్మా. అయినా చెప్పు. పాదు తవ్విందీ నేనే, నీళ్ళు వదిలేసిందీ నేనే, చెట్టు పాపం ఏం చెయ్యలేదని సరిగ్గా చెప్పు, నా భాష చాలట్లేదు," అన్నారు నాన్న. నాకు ఏడుపొచ్చేసింది.

మంగత్త చెప్పింది. ఫోను పక్కన పెట్టి వచ్చిన కఫీల్ మొహం ఎర్రబడింది, ఇఖామా అన్న మాట, విమానం అన్న మాట నాకూ అర్థమయ్యాయి. ఆయన అరుస్తున్నంత సేపూ పెద్ద మామా జపమాల తిప్పుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా ఏదో అంది. కొడుకు టక్కున నోరు మూశాడు. మంగత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమందే?" అన్నారు నాన్న.

"ముద్దు చేసి ఎక్కువ నీళ్ళు పోత్తే ఎవరైనా పాడవుతారంటంది. ఈ అబ్బాయిని నేనూ అలాగే పెంచాను, నన్నెవరూ దేశం నుంచి పంపెయ్యలేదు గదా అంటంది."

నాన్న నవ్వలేదు, నవ్వే ధైర్యం లేదు. కఫీల్ గోడ మళ్ళీ కట్టించే దాకా రోజూ పని అయ్యాక వచ్చి మట్టి మోయాలని నాన్నకి చెప్పి వెళ్ళిపోయాడు. ఇఖామా రెన్యూవల్ అయింది. నాన్న మట్టి మోశారు, పాదు పూడ్చారు. గోడకి దూరంగా, కొమ్మల చివర్ల కింద, నెలవంకలా ఒక సన్నటి కాలవ తీసి అంచున విరిగిన టైల్సు ముక్కలు నిలబెట్టారు. పైపు మాత్రం పెద్ద మామా తన చేతిలోకి తీసుకుంది, నాన్నని ముట్టుకోనివ్వలేదు. కుర్చీలోంచే ఆ కాలవలోకి కాసిని నీళ్ళు వదిలి, చాలా అన్నట్టు నాన్న వైపు కొంటెగా చూసేది. చెట్టు ఒక పక్క బోడిగా, ఇంకో పక్క గుబురుగా మిగిలిపోయింది. ఆ ఏడు భోగికి పళ్ళు తక్కువ కాశాయి, పిల్లల నెత్తిన మనిషికి ఒక దోసెడే పోశాం. అమ్మ మాత్రం నాన్న నెత్తిన కూడా ఒక దోసెడు పోసింది, పెద్దవాళ్ళకి పోయరని అందరూ నవ్వుతున్నా వినకుండా.

పెద్ద మామా పోయింది. మంగత్త ఊరెళ్ళిపోయింది. పోయినేడాది నాన్న కూడా పోయారు. ఇవాళ క్రేను కనపడగానే కారు పక్కకి ఆపి దిగాను. ఏ గోడ కోసం ఆనాడు చెట్టుని కొట్టబోయారో ఆ గోడను నిన్నే పడగొట్టేశారట, చెట్టుకి ఒక రోజు ఎక్కువ ఆయుష్షు. పని చూస్తున్న మేస్త్రీది కరీంనగర్.

"చెట్టుకేం గాలేదక్కా, మంచిగనే ఉంది. ఇల్లు గూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నరు, అందుకే తీస్తున్నం," అన్నాడు.

నేల మీద నెలవంక కాలవ అలాగే ఉంది. టైల్సు ముక్కలు కొన్ని కొత్తవి. పాతవి విరిగితే ఎవరో మార్చారు. అడుగున మట్టి ఇంకా చెమ్మగా ఉంది. పెద్ద మామా తర్వాత కూడా, ఎవరో పేరు తెలియని మనిషి, ఎందుకో కూడా తెలియకుండా, నాన్న గీసిన గీతలోనే నీళ్ళు పోస్తూ వచ్చాడు.

నా చూపు చూసి మేస్త్రీ, "ఈ మట్టికి గిట్లనే పోయాలె నీళ్ళు. ఎవలు తీసిన్రో గని, తెలిసినోళ్ళే తీసిన్రు," అన్నాడు.

"మా నాన్న," అన్నాను. మేస్త్రీ రంపం ఆపించి, నేను రాలిన కొమ్మల్లోంచి పళ్ళు ఏరుకోవడం అయ్యేదాకా ఆగాడు.

సూపర్‌మార్కెట్ డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. రేపు మా పాప నెత్తిన ఇవే పోస్తాను, గట్టిగా తగిలి ఏడ్చినా సరే. ఆ చెట్టుకి ఇవే ఆఖరి పళ్ళు.