రెండో ట్రే పులిహోర

మా ప్లెయిన్స్‌బరో తెలుగువాళ్ళు తలో వంటకం తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో పులిహోర డాక్టరాంటీది. ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. నలభై ఏళ్ళ కిందట అమెరికా వచ్చి, ప్రాక్టీసు చేసి రిటైరైన మనిషి. ఎవరేం తెస్తారో రాసుకునే ఆన్‌లైన్ షీట్‌లో, కొత్తగా వచ్చిన నేను ఆవిడ పేరు కిందే నా పేరు పెట్టి, ఎదురుగా పులిహోర అని రాశాను. పది నిమిషాల్లో పక్క అపార్ట్‌మెంట్ స్నేహితురాలు ఫోన్ చేసింది.

“పెరుగన్నానికి మార్చెయ్యవే. ఆంటీకి పోటీ వెళ్తున్నావనుకుంటారు.”

“అనుకోనీ. పోటీయే!”

చదువుకునే రోజుల్లో పోటీ పరీక్షలు రాయమని నా వెంటపడని పెద్దవాళ్ళు లేరు. మార్కుల్లో పోటీ పడితే భుజం తట్టారు. అదే పోటీ వంట దగ్గరికొస్తే తలబిరుసట! నాకు ఒళ్ళు మండింది. మా ఆయన ఉద్యోగం మీద వచ్చినదాన్ని, నా వీసాకి పనిచేసే వీల్లేదు. ఈ ఊళ్ళో నన్ను ఫలానావారి భార్యగా తప్ప ఎవరూ ఎరగరు. మా అమ్మమ్మ నేర్పిన పులిహోర ఒక్కటైనా నా పేరు మీద ఉండాలనుకున్నాను.

మూడేళ్ళు ఆవిడ ట్రే ఖాళీ అయింది, నాది సగం ఇంటికి తిరిగొచ్చింది. మర్యాద కొద్దీ అందరూ ఆవిడదే వడ్డించుకునేవారు. నాలుగో ఏడూ పులిహోరే రాశాను.

ఆ రోజు బల్ల సర్దినవాళ్ళు పొరపాటు చేశారు. ఇద్దరివీ ఒకలాంటి అల్యూమినియం ట్రేలే. పేర్ల చీటీలు తారుమారు చేసి అంటించారు. జనం నా ట్రే మీద పడ్డారు.

“ఎంతైనా ఆంటీ చెయ్యి ఆంటీ చెయ్యే!” అంది నా స్నేహితురాలు, రెండోసారి వడ్డించుకుంటూ.

అది నాదే అంటే గొప్పలకు పోయినట్టు. అనకపోతే నా కష్టం ఇంకొకరి ఖాతాలోకి. కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే డాక్టరాంటీ ప్లేటుతో వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

“ఇది నాది కాదు,” అంది అందరికీ వినపడేలా. “నేను ఆవ పెట్టను. ఇది ఆ అమ్మాయి పులిహోర. త్రీ ఇయర్స్ నించీ తింటున్నా, ఆ మాత్రం తెలీదా?”

తరవాత నా వైపు తిరిగింది. “నెక్స్ట్ ఇయర్ నేనూ ఆవ పెడతా. చూసుకుందాం.”

“చూసుకుందాం ఆంటీ!” అన్నాను.

పోటీకి వెళ్ళొద్దన్నవాళ్ళెవరికీ నా చేతి రుచి తెలియలేదు. తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

ఈ ఏడు షీట్ రాగానే పులిహోరకి అందరికంటే ముందు నా పేరే రాశాను. దాని కిందే ఆవిడకి ఒక వరస ఖాళీగా వదిలాను.