వణకని గీత

2023 జూన్. తిరుపతిలోని రేణిగుంట రోడ్డులో ఒక టైర్ల షాపు మీద మా ఆఫీసు. చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల కంప్యూటర్ పనులను క్లౌడ్‌లోకి మార్చడం, మార్చాక వాటిని కనిపెట్టుకుని ఉండడం మా పని. క్లౌడ్ అంటే ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో పెద్ద భవనంలో ఉన్న ఎవరివో కంప్యూటర్లను అద్దెకు తీసుకుని మనం దూరం నుంచి వాడుకోవడమే. సర్వర్ గదిలో ఏసీ నీళ్లు బకెట్లో పట్టి పారబోసిన రోజుల నుంచీ ఈ లోకంలోనే ఉన్నాను. అందుకే ఇందులో నాకు తెలియనిది లేదనే పొగరు కాస్త ఉండేది.

పెళ్లికి వెళ్లినా, అలిపిరి దగ్గర కొండెక్కడానికి చెప్పులు విడుస్తున్నా ఎవరో ఒకరు పట్టుకుంటారు. "క్లౌడ్‌లో ఇప్పుడు దేనికి గిరాకీ ఉండాదప్పా? మా పాపను ఏ కోర్సులో ఏసేది?" అంటారు. నేనూ ఓపిగ్గా చెబుతాను. కట్టి నిలబెట్టే క్లౌడ్ ఇంజనీర్లు కావాలి, మార్పులను తడబాటు లేకుండా చేర్చే డెవాప్స్ వాళ్లు కావాలి, దొంగలు పడకుండా చూసే సెక్యూరిటీ వాళ్లు కావాలి. వీళ్లందరికంటే కష్టంగా దొరికేది సైట్ రిలయబిలిటీ ఇంజనీరు. పొట్టిగా ఎస్.ఆర్.ఇ. అంటాం. నడుస్తున్నది ఆగకుండా చూడడం, ఆగబోయే ముందే పసిగట్టడం ఆ మనిషి పని.

ఆ సంవత్సరం మా దగ్గర అలాంటి ఉద్యోగం ఒక్కటే ఉంది. మూడు నెలల శిక్షణలో ఇద్దరున్నారు. చరణ్ ఇంజనీరింగ్ చదివాడు, మూడు క్లౌడ్ సర్టిఫికేషన్లు చేతిలో ఉన్నాయి, కీబోర్డు మీద వేళ్లు కనబడవు. రెడ్డెమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, పూతలపట్టు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండు సీజన్లు మిషన్ ఆపరేటరుగా పనిచేసింది. అది మూతపడ్డాక రోజూ బస్సులో తిరుపతికి వచ్చి క్లౌడ్ నేర్చుకుంది. తొమ్మిది చోట్ల ఐటీ అనుభవం లేదని పంపించేశారు. మాది పదోది.

"ఈడ కూడా కాకపోతే మళ్లా కూలికే సార్. దాపరికం ఏముండాది," అని చేరిన రోజే చెప్పింది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే వచ్చి కంప్యూటర్ తెరిచే ముందు ఒక నోటుబుక్కులో ఏవో అంకెలు రాసుకునేది. ఒకరోజు అడిగాను, "ఏందమ్మా, జాతకం రాస్తా ఉండావా?" అని.

నవ్వింది. "లేదు సార్. మా ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు దిగిపోయే ఆపరేటరు కొత్తగా వచ్చినోళ్లను మీటరు సూడనీదు. ముందు గుడ్డ ఏసి పైపు మీద చెయ్యి పెట్టమంటాది. వేడి ఎంత ఉండాదో చెప్పమంటాది. ఆ తర్వాతే మీటరు. ఈడ పైపు లేదు కదా, అందుకని ఈపొద్దు ఎంత ఉంటాదో ముందే రాసి పెట్టుకుంటా. ఆ తర్వాత స్క్రీన్ సూస్తా."

ఆఫీసంతా నవ్వుకున్నాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

శిక్షణలో చివరి శుక్రవారం వచ్చింది. సాయంత్రం ఐదులోగా ఒక్క పేరు బెంగళూరులోని పెద్ద ఆఫీసుకు పంపాలి. నేను చరణ్ పేరు టైపు చేసి ఉంచాను, పంపడమే మిగిలింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక రెడ్డెమ్మ నా టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, స్క్రీన్ మీద గుజ్జు ఫ్యాక్టరీ గీత సచ్చిపోయింది."

అది ఆమె పనిచేసింది కాదు, చిత్తూరు పక్కన మేం చూసే ఇంకొకటి. తోతాపురి కాయలు దిగే కాలం, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ గుజ్జును స్టెరిలైజర్ అనే మిషన్‌లో తొంభై అయిదు డిగ్రీల దాకా కాచి, గాలి తగలకుండా సంచుల్లో నింపుతారు. ఆ వేడి ఎంతో మిషన్ పక్కన ఉండే గేట్‌వే అనే చిన్న డబ్బా క్షణక్షణం క్లౌడ్‌కు పంపుతుంది. ఆ లెక్క జతచేయని గుజ్జును విదేశాల్లో ఎవరూ తీసుకోరు, పారబోసుకోవాల్సిందే. ఆ అంకెలన్నీ గీతలుగా కనబడే డ్యాష్‌బోర్డ్ చూశాను. అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. గీత తొంభై అయిదు దగ్గర తిన్నగా ఉంది.

"బాగానే ఉండాది కదమ్మా. ఇంకేం కావాల?"

"అదే సార్ బాగలేంది. బాయిలర్‌లో కట్టెలు ఏసేటప్పుడు వేడి రవ్వంత దిగుతాది, మండినాక ఎక్కుతాది. పదకొండు సీజన్లు సూసినా సార్, ఒక్క గంట కూడా అది కుదురుగా నిలబడలేదు. ఇది వణకడం లేదు."

నాకు చిరాకేసింది. "పచ్చగా ఉన్నదాన్ని కెలకద్దని మొదటి రోజే చెప్పినా కదా?"

"ఒక్క ఫోన్ చెయ్యండి సార్. నాది తప్పయితే నా పేరు కొట్టేయండి."

ఆమె అక్కడి నుంచి కదల్లేదు. విసుగ్గానే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ మునిరత్నానికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాను. మిషన్ మీద ఎంత ఉందో చూడమన్నాను.

"తొంభై మూడప్పా... ఉండు, ఇప్పుడు తొంభై నాలుగు. పడతా లేస్తా ఉండాది, ఎప్పుడూ ఉండేదే కదా. ఏమైంది?"

నా ఎదురుగా గీత తొంభై అయిదు దగ్గరే నిలబడి ఉంది. చరణ్‌ను కేకేసి పిలిచాను.

చరణ్ గబగబా వెతికాడు. గేట్‌వేకు ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, అంటే క్లౌడ్ గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డు. దాని గడువు ఆ ఉదయం ఎనిమిదీ యాభైకి ముగిసింది. అప్పటి నుంచీ క్లౌడ్ ఆ డబ్బాను లోపలికి రానివ్వలేదు. మరి మాకు అలారం ఎందుకు మోగలేదు? కారణం నేనే. రెండు వారాల క్రితం నెట్ తడబడినప్పుడల్లా గీత తెగడం, ఫ్యాక్టరీ వాళ్లు కంగారుపడి ఫోన్ చేయడం జరిగింది. ఆ సతాయింపు పడలేక, కొత్త అంకె రాకపోతే పాతదే చూపించమని సెట్టింగు మార్చింది నేను. తర్వాత సరిగా చూద్దాంలే అనుకుని మరిచిపోయిందీ నేనే.

పంపలేని లెక్కను గేట్‌వే నాలుగు గంటల పాటు దాచుకుంటుంది. ఆ తర్వాత పాతది చెరిపేస్తుంది. గడియారం చూస్తే పన్నెండున్నర. ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి.

"మునిరత్నం, ఆ డబ్బాను ఒకసారి ఆపి మళ్లా ఆన్ చెయ్యి," అన్నాను. ఇన్నేళ్లుగా నా నోటికి మొదట వచ్చే మాట అదే.

"వద్దు సార్!" రెడ్డెమ్మ అరిచినంత పని చేసింది. "ఆపితే దాచుకునిందంతా పోతాది!"

నిజమే. ఆ డబ్బా దాచుకునేది కరెంటు ఉన్నంతవరకే. డబ్బా బిగించినప్పుడు ఆ సంగతి రాసి పెట్టిన కాగితం మీద సంతకం నాదే.

ఫోన్ ఆమె చేతికిచ్చాను. చరణ్ కొత్త సర్టిఫికెట్ తయారుచేసి పంపాడు. ఆమె మునిరత్నంతో మాట్లాడిన తీరు నాకింకా చెవుల్లో ఉంది. "అన్నా, ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ వచ్చింటాది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఏసుకుని పోయి డబ్బాకు పెట్టు. స్టెరిలైజర్ వెనకాల ఆవిరి పైపు ఉంటాది, జాగ్రత్త, కుడిపక్క నుంచి పో. కరెంటు వైరు మాత్రం పీకద్దన్నా, నీకు దండం పెడతా." ఆ ఫ్యాక్టరీలో ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా కళ్లు మూసుకుని ఆ నేల మీద నడిచింది.

పన్నెండూ నలభై నాలుగుకు గీత కదిలింది. పొద్దుటి నుంచి దాచుకున్న అంకెలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. తిన్నగా ఉన్న గీత ఎడమ నుంచి కుడికి వరసగా చెరిగిపోతూ, దాని చోట సన్నగా వణుకుతున్న గీత లేచింది. ప్రతి దిగుడూ ఒక కట్టెల మోపు, ప్రతి ఎక్కుడూ ఒక మంట. ఇన్నేళ్లలో ఎన్నో తెరలు చూశాను గానీ, తెర వెనక పొయ్యి మండుతోందని నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే.

రెడ్డెమ్మ మాత్రం ఫోన్ పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. "సార్, భోజనానికి పోవచ్చునా?" అని అడిగింది.

సాయంత్రం జరిగినదానికి నివేదిక రాశాను. సెట్టింగు మార్చింది ఎవరన్న చోట నా పేరు రాశాను. బెంగళూరుకు పంపాల్సిన మెయిల్‌లో చరణ్ పేరు తీసేసి రెడ్డెమ్మ పేరు పెట్టాను. చరణ్‌కు చెబితే, "నేనైనా అక్కనే తీసుకుంటా సార్," అన్నాడు. నెల తిరక్కుండానే వాడికి వేరేచోట మంచి ఉద్యోగం దొరికింది.

ఇప్పుడు కూడా జనం ఏ కోర్సుకు గిరాకీ అని అడుగుతూనే ఉన్నారు. కోర్సు పేరు చెబుతాను. దాంతోపాటు, మీ పాప ఇంతకుముందు ఏ పని దగ్గర నిలబడి చూసిందని కూడా అడుగుతాను. పాలకేంద్రమైనా సరే, బస్ డిపో అయినా సరే. క్లౌడ్‌లోకి వచ్చేవన్నీ ఎక్కడో నేల మీద జరిగే పనులే. ఆ పని ఎరిగిన కన్ను నాకు ఏ సర్టిఫికెట్‌లోనూ దొరకలేదు.

మా ఆఫీసులో ఇప్పుడు అందరం స్క్రీన్ తెరిచే ముందు అంకె రాస్తాం. మొన్నటి సీజన్‌లో ఒక పొద్దున గుజ్జు ఫ్యాక్టరీకి నేను తొంభై అయిదు అని రాశాను. తెర మీద తొంభై రెండు. రెడ్డెమ్మ పుస్తకంలోనూ తొంభై రెండే. ఎలాగని అడిగాను.

"చిత్తూరు నుంచి వచ్చిన బస్సు టాపు తడిసి ఉండె సార్. ఆడ వాన పడింటాది, కట్టెలు తడిసింటాయి," అని తన కుర్చీలో కూర్చుంది.