ఆపేసిన మైకులో నా గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ మాటెత్తితేనే ఒళ్ళు మండుతుంది కూడా. యాంగోన్‌లో, అదే బర్మాలోని పాత రంగూన్‌లో, టూరిస్టులకు ఊరు చూపించడం నా ఉద్యోగం. పాత కట్టడం ఒకటి కనిపిస్తే చాలు, "ఇందులో దెయ్యాలున్నాయా?" అని అడగని గుంపు నాకింతవరకూ తగల్లేదు. లేవండీ అంటే మొహాలు వాడిపోతాయి. పోనీ ఉన్న చరిత్ర చెబుదామంటే ఆవలిస్తారు.

అందుకే ఇది రాయడానికి కూడా నాకు చిరాగ్గానే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ తర్వాత మీ ఇష్టం.

నా పేరు సుగుణ. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మేం బాప్టిస్టులం. ఇంట్లో మాట్లాడేది సగం తెలుగు, సగం బర్మీస్. చర్చిలో తెలుగు బైబిలు చదివీ చదివీ ఈ రాసే తెలుగు వచ్చింది. మింగళ తౌంగ్‌న్యున్ అనే పేటలో మా అమ్మా నేనూ ఉంటాం.

పొద్దున్నే డౌన్‌టౌన్‌లో మొదలుపెట్టి, దారి పొడుగునా ఏదో ఒకటి తినిపిస్తూ, కబుర్లు చెబుతూ, పజుండౌంగ్ పేటలోని గుడి దాకా నడిపించుకుని వెళ్ళి అక్కడ భోజనం పెట్టించడం నా పని. వినడానికి సుఖంగా ఉంటుంది. చేసేవాళ్ళకు తెలుస్తుంది. ఈ మధ్య కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. ప్రతి షాపు ముందూ ఫుట్‌పాత్ మీద ఒక జనరేటర్ గురగురలాడుతూ ఉంటుంది. ఆ రొదలో అరిచీ అరిచీ నా గొంతు పోయేది. అందుకని మా ఓనరు ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో చెవి మిషన్లు కొన్నాడు. మెళ్ళో వేసుకునే చిన్న డబ్బా, దాని నుంచి చెవిలోకి ఒక వైరు. నా కాలరుకు మైకు. నేను మెల్లగా మాట్లాడినా వాళ్ళకు వినిపిస్తుంది. ఒక సందు దాటితే మాత్రం పనిచేయదు.

ఆ రోజు వచ్చింది విశాఖపట్నం నుంచి ఒక కుటుంబం. పెద్దాయన రాజారావు గారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన భార్య సత్యవతి గారు మోకాళ్ళ నొప్పుల మనిషి. ఇంకా వాళ్ళ బంధువులు కొందరు. మనవాళ్ళు కదా, తెలుగులోనే చెప్పొచ్చని ముందు రోజు సంబరపడ్డాను. ఆ సంబరం మొదటి టీ కొట్టు దగ్గరే అయిపోయింది. ఫిల్టర్ కాఫీ ఎందుకు లేదన్నారు రాజారావు గారు. మొహింగా అంటే చేపల పులుసులో వేసిన నూడుల్స్. దాన్ని చేప లేకుండా చేయించమన్నారు. చేప తీసేస్తే అందులో మిగిలేది వేడినీళ్ళేనని ఆయనకు నచ్చజెప్పేసరికి నాకు ఆకలి చచ్చిపోయింది.

తర్వాత వీధిలో ఒక పాత బ్యాంకు కట్టడం గురించి చెబుతున్నాను. వాళ్ళెవరూ దాని వంక చూడటం లేదు. అందరూ తలలెత్తి ఎదురుగా ఉన్న మేడ రెండో అంతస్తు చూస్తూ నవ్వుతున్నారు.

"చిలక ఎన్నేళ్ళు బతికిందమ్మా?" అన్నారు రాజారావు గారు.

"ఏ చిలకండీ?"

"ఆ పచ్చ కిటికీ ముసలాయన చిలక. తెలుగులో తిట్టేదన్నావుగా."

నేను అనలేదు. ఆ మేడకు పచ్చ కిటికీ కూడా లేదు. పెద్దాయన నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని ఒక నవ్వు నవ్వి ముందుకు కదిలాను. ఇలాంటివి నాకు అలవాటే.

కాస్త దూరం వెళ్ళి వెనక్కి చూస్తే ఎవరూ లేరు. గుంపు గుంపంతా ఒక సందు మొదట్లో ఆగిపోయి ఉంది. మళ్ళీ వెనక్కి నడిచాను. "నువ్వే కదమ్మా ఆగమన్నావు? చెల్లెలు కాళ్ళు నొప్పులంటోంది, కాసేపు నిలబడదాం అన్నావు," అంది సత్యవతి గారు. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. నాకు చెల్లెళ్ళు లేరు.

దోసెల బండి దగ్గర ఇంకా ఘోరం. వీళ్ళంతా కలిసి బండి ఆవిడను బెల్లం అట్టు వెయ్యమని అడిగారు. ఆవిడ ఎన్నడూ వినలేదట. నేనే వీళ్ళకు లేనిపోనివి చెప్పి పంపానని ఆవిడ నా మీద విసుక్కుంది. ఇటు చూస్తే, "ఇక్కడ బెల్లం అట్టు తినకుండా వెళ్ళకండి అని చెప్పి, ఇప్పుడు లేదంటే ఎలా?" అని రాజారావు గారు.

ఇంకెవరో గైడు ఇదే ఛానల్లో మాట్లాడుతున్నాడేమోనని సత్యవతి గారి చెవి నుంచి వైరు తీసి నా చెవిలో పెట్టుకున్నాను. జనరేటర్ మోత, నా ఊపిరి, అంతే. తిరిగిచ్చేశాను.

"వేరే ఎవరిదైనా గొంతా అండీ?" అని అడిగాను.

"నీ గొంతే. కాకపోతే ఇందాకటి నుంచి మీ శ్రీకాకుళం యాసలో చెబుతున్నావు. అదే బావుంది," అంది సత్యవతి గారు.

నా ఓపిక అక్కడితో అయిపోయింది. మైకు ఆపేశాను. ఎర్ర లైటు ఆరిపోయిందని అందరికీ చూపించాను. ఇక ఆ డబ్బాలు తీసేయండి, నేను అరిచే చెబుతానన్నాను. ఎవరూ తీయలేదు. బాగానే వినిపిస్తోంది కదా, ఎందుకు తీయడం అన్నారు. మైకు ఆపేశాను మహాప్రభో అంటే, "మరి మాట్లాడుతున్నావుగా," అన్నారు రాజారావు గారు, చెవి మీద చెయ్యి పెట్టుకుని వింటూ. అప్పుడు నేను నోరు మూసుకుని ఉన్నాను.

భయం వేసిందా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. కోపం వచ్చింది. అందరూ కూడబలుక్కుని నన్ను ఏడిపిస్తున్నారనే అనుకున్నాను. ఎలాగోలా గుడి దాకా లాక్కెళ్ళి, భోజనాల ముందు కూర్చోబెట్టి వదిలించుకుందామని గబగబా నడిచాను.

పజుండౌంగ్ చేరాం. గుడికి నేరుగా వెళ్ళాలి. వీళ్ళు ఎడమ పక్క సందులోకి తిరిగారు. అదీ మామూలుగా కాదు, పని మీద వెళ్ళేవాళ్ళలా తొందర తొందరగా. "ఇటు కాదండీ!" అని అరుస్తూ వెనకాల పరిగెత్తాను. సత్యవతి గారు మోకాళ్ళ సంగతి మర్చిపోయి అందరికన్నా ముందు నడుస్తోంది. ఒక రేకుల వర్క్‌షాపు పక్క గుమ్మంలోకి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

ఆ మెట్లు నాకు తెలుసు. పైన మా దొడ్డమ్మ ఉంటుంది.

దొడ్డమ్మంటే మా అమ్మ అక్క, కరుణమ్మ. పెళ్ళి చేసుకోలేదు. తాతల నాటి అద్దె గదులు వదలకుండా ఒక్కర్తే ఉంటుంది. నోరు మంచిది కాదు. చర్చివాళ్ళతో, చుట్టాలతో, చివరికి మా అమ్మతో కూడా పోట్లాడి మాటలు మానేసింది. మాకు రాకపోకలు లేక ఏళ్ళయింది. ఆవిడ ఇల్లు మా టూరు దారిలో లేదు. ఆవిడ గురించి నేను ఏ టూరిస్టుకూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది?

నేను సగం మెట్ల మీద ఉండగా సత్యవతి గారు పైన తలుపు తోసింది. గడియ లేదు. తోసి, గుమ్మంలోనే బిగుసుకుపోయి, చెవిలో వైరు లాగి పారేసింది. చెవిలో వినిపిస్తున్న మాట, ఎదురుగా గదిలోంచి వస్తున్న మాట ఒక్కటేనని ఆవిడ నాకు తర్వాత చెప్పింది.

దొడ్డమ్మ వంటగది గుమ్మానికి అడ్డంగా నేల మీద పడి ఉంది. పక్కన బకెట్ బోర్లా పడి ఉంది. తెల్లవారుజామున కింద నుంచి నీళ్ళు మోసుకొచ్చి, తలుపు గడియ వేయకుండానే లోపలికి వెళ్ళబోయి జారిపడిందట. ఒక కాలు వంకరగా తిరిగిపోయి ఉంది. పెదవులు ఎండిపోయాయి. అయినా పైకప్పు కేసి చూస్తూ ఏదో మాట్లాడుతూనే ఉంది. నన్ను చూసి ఆపింది.

"ఎంతసేపే రావడానికి? నడిచొచ్చారా, పాక్కుంటూ వొచ్చారా?"

ఆ మాటకు నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. నీళ్ళు తాగించాను. కింద వర్క్‌షాపు నడిపే కో టున్‌ను పిలుచుకొచ్చాను. ఆయన తెల్లవారకముందు నుంచీ అక్కడే ఉన్నాడు. గుమ్మం పక్కనే జనరేటర్, దానికి తోడు రేకుల మోత. పైన మనిషి పడిన సంగతే తెలియలేదని తల కొట్టుకున్నాడు. రాజారావు గారూ ఆయనా కలిసి ఆవిడను చెక్క కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. అంతసేపూ ఆవిడ ఇద్దరినీ తిడుతూనే ఉంది. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు.

మా అమ్మ కబురు విన్న వెంటనే వచ్చింది. అన్నేళ్ళ తర్వాత కలిసిన అక్కచెల్లెళ్ళు మొదట మాట్లాడుకున్నది జావలో ఉప్పు గురించి. ఎక్కువైందని ఒకరు, చాలదని ఒకరు. నర్సు వచ్చి ఇద్దరినీ మందలించింది. అమ్మ ఆ రాత్రి ఇంటికి రాలేదు, అక్క మంచం పక్కనే చాప వేసుకుంది.

కాస్త కోలుకున్నాక దొడ్డమ్మను అడిగాను, అలా పడి ఉన్నప్పుడు ఏం మాట్లాడుకుంటున్నావని. చిన్నప్పుడు ఆదివారం చర్చి నుంచి చెల్లెలి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచొచ్చే దారిని మనసులో నడుస్తూ ఉందట. కన్ను మూత పడితే ఇక లేవనేమోనని భయపడి, ఒక్కొక్క మలుపూ పైకి చెప్పుకుంటూ వచ్చిందట. పచ్చ కిటికీ, అందులో తిట్టే చిలక. చెల్లెలు కాళ్ళు నొప్పులని కూర్చుండిపోయే సందు మొదలు. బెల్లం అట్లు వేసే అరవ ముసలమ్మ. ఆ వరసలో, ఆ చోట్లలోనే. అమ్మను విడిగా అడిగాను. "ఆ చిలక నన్నూ తిట్టిందే," అంది అమ్మ.

"నాతోని ఎవరో నడుస్తున్నట్టే ఉంది," అంది దొడ్డమ్మ. "అందులో ఒకాయన ఒకటే ప్రశ్నలు. చిలక ఎన్నేళ్ళు బతికిందంటాడు. నాకేటి తెలుసు? నానేటి దాని డాక్టర్నా?"

ఆస్పత్రికి తీసుకెళ్ళే హడావుడిలో రాజారావు గారే ఆవిడతో అని ఉంటారనుకుని ఫోన్ చేసి అడిగాను. వాళ్ళు మర్నాడే పాత గుళ్ళు చూడటానికి బగాన్ వెళ్ళిపోయారు. చిలక మాట అక్కడ ఎవరూ ఎత్తలేదని ఆయన ఖాయంగా చెప్పారు. పనిలో పనిగా బెల్లం అట్టు సంగతి మళ్ళీ ఎత్తారు.

మా ఓనరు ఫ్రీక్వెన్సీలు కలిసిపోయి ఉంటాయన్నాడు. దేనితో కలిసిపోతాయి? దొడ్డమ్మ దగ్గర ఉన్న పాత ఫోను ఛార్జింగ్ లేక బీరువాలో పడి ఉంది. ఒక సందు దాటితే పనిచేయని డబ్బాలు అంత దూరం నుంచి ఎలా పట్టుకున్నాయి? ఆరిన మైకు సంగతేమిటి? మా పాస్టరు గారు దేవుని కార్యం అన్నారు. కావచ్చు, కాదనను. అమ్మ మాత్రం, "మా అక్క గొంతు అలాంటిది, డబ్బాలు అడ్డమొస్తాయేటి," అని తేల్చేసింది. నా గొంతూ దొడ్డమ్మ గొంతూ ఒకటేనని కూడా అంది. అది నిజమే అయినా దాని వల్ల నాకేమీ అర్థం కాలేదు.

ఇక్కడితో ఆగితే ఏదో ఒక కారణం చెప్పుకుని ఊరుకునేదాన్ని. డిశ్చార్జి చేసే రోజు దొడ్డమ్మ గుడ్డలు సర్దుతూ విసుగ్గా అన్నాను, పడిపోయిన మనిషివి సాయానికి అరవకుండా ఊరంతా తిప్పడమేమిటని.

"అరిచాను. ఆ మిసన్ల మోతలో నా అరుపెవుడికి ఇనబడతాది? నువ్వొచ్చావు కదాని అరవడం మానేసాను."

"నేనెప్పుడొచ్చాను?"

"తెల్లారగట్ల. తలుపవతల నిలబడి, దొడ్డమ్మా, ఇశాపట్నం నుంచి మనోళ్ళొచ్చారు, పాత దారి నాకు తెలీదు, నువ్వు చెప్పు, ఆళ్ళకి నేను చెప్తాను అన్నావు. నాను పడిపోయానే, లోనికి రా అంటే రావు. సరే నీ పనే అవనీ, నాకూ కన్ను మూతపడకుండా ఉంటాది అని చెప్పడం మొదలెట్టాను."

ఆ వేళకు నేను ఇంట్లో అమ్మ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. అమ్మ ఎవరి ముందైనా ఆ మాట చెబుతుంది. వాళ్ళు విశాఖపట్నం నుంచి వచ్చారని దొడ్డమ్మకు చెప్పేవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు.

నేను రాలేదని ఆవిడకు చెప్పాను. రెండు మూడుసార్లు చెప్పాను. నమ్మలేదు. అబద్ధాలాడొద్దని కసిరింది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకోపాలి వొస్తే అలా బయట నిలబడిపోకే. లోనికి రా. టీ తాగి ఎల్దువు గాని."

సరేనన్నాను. కుర్చీని ముందుకు తోశాను.